ముత్తాత ఓడ లెక్క తేల్చిన ప్యారీస్ దస్తావేజుల కార్యాలయం: పెట్టిన డబ్బుకు తగిన సేవేనా?

చెన్నైలో ప్యారీస్ మూల నుంచి మన్నడి వైపు నడిస్తే, పాత దస్తావేజులను వెతికిపెట్టి, చదివిపెట్టి, వాటి మీద న్యాయాభిప్రాయం రాసిచ్చే చిన్న కార్యాలయాలు హైకోర్టు చుట్టుపక్కల సందుల్లో కనిపిస్తాయి. ఇంటి పట్టాల కోసమో, వారసత్వపు తగాదాల కోసమో వాటి మెట్లెక్కేవారే ఎక్కువ. నేను వెళ్ళింది ఒక ఓడ కోసం. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సర్కారు స్వాధీనం చేసుకున్న మా ముత్తాతగారి తెరచాప ఓడకు పరిహారం వచ్చిందా, రాకపోతే ఎంత రావాలి, ఇప్పుడు అడిగే దారి ఏమైనా ఉందా అన్న మూడు ప్రశ్నలతో నాలుగు నెలల్లో ఐదుసార్లు అక్కడికి వెళ్ళాను. వారి పని గురించి మంచీ చెడూ రెండూ రాయవలసి ఉంది కనుక, ఆ చెడ్డ కూడా ఒప్పుకుని సరిదిద్దుకున్నదే కనుక, కార్యాలయం పేరు రాయడం లేదు.

మా పూర్వులది కాకినాడకు దక్షిణాన ఉన్న తాళ్ళరేవు. కోరంగి, తాళ్ళరేవు ప్రాంతంలో కలప ఓడలు కట్టడం తరతరాల పని. అక్కడి రేవుల నుంచి రంగూనుకు సాగిన రాకపోకలు ఎంతటివంటే బర్మాలో తెలుగువాళ్ళందరినీ కోరంగీలనే పిలిచేవారు. రెండు తెరకొయ్యల ఓడ ఒకదానిలో మా ముత్తాతకు సగం వాటా ఉండేది. 1942 మార్చిలో బియ్యమూ పొగాకూ ఎత్తుకుని అది కలకత్తా వెళ్ళింది. ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాక తిరుగు ప్రయాణానికి సరుకు పెట్టే షావుకారే దొరకలేదట. మే నెలలో ఓడను అక్కడే సర్కారు తీసుకుంది. మరుసటి ఏడు చిట్టగాంగు వైపు సైన్యపు సామాను మోస్తూ ఒక నది మొగలో ఇసుక మేట మీదికెక్కి విరిగిపోయింది. మా ఇంట్లో జరిగిన ప్రతి పెళ్ళిలోనూ భోజనాల తరవాత ఎవరో ఒకరు "సర్కారు మన ఓడ మింగేసింది" అని మొదలుపెట్టేవారు. మొన్నామధ్య మా చిన్నాన్న కొడుకు చక్రవడ్డీ కట్టి, మాకు రావలసింది రెండు కోట్లని కుటుంబం వాట్సాప్‌లో ప్రకటించాడు. నేను మెట్లెక్కడానికి ఆ లెక్క కూడా ఒక కారణమే.

కార్యాలయమంటే మేడ మీద రెండు గదులు. ముందు గదిలో ఇద్దరు గుమాస్తాలు, ఒక స్కానరు, అద్దం కింద పరిచిన పాత కోర్టు ఫీజు బిళ్ళలు ఉంటాయి. లోపలి గదిలో పెద్ద వకీలుగారు కూర్చుంటారు. వారి కుటుంబం మూడు తరాలుగా ఈ ఊళ్ళోనే ఉంది, తెలుగులో అక్కడక్కడా తమిళం తగులుతుంది. నేను ట్రంకుపెట్టెలో నుంచి తీసుకెళ్ళిన కాగితాలు మూడే: మడతల దగ్గర చిరిగిన ఇంగ్లీషు ఉత్తరువు ఒకటి, ముత్తాత గుమాస్తా రాసిన చిట్టా ఒకటి, 1944 నాటి టైపు ఉత్తరం ఒకటి. ఆయన వాటిని చేత్తో ముట్టుకోలేదు. చెక్క స్కేలు చివరతో ఒక్కొక్క పేజీనీ మెల్లగా లేపి తిరగేశారు. ఈ కాగితాల విలువ తెలిసిన చోటికే వచ్చానన్న నమ్మకం నాకు అప్పుడే కుదిరింది.

ఆయన కుర్చీ వెనక గోడ మీద రజూలా నౌక ఫొటో ఉంది. మదరాసు నుంచి సింగపూరు దాకా 1973 వరకూ తిరిగిన ఆ ప్రయాణికుల నౌక పేరు ఈ ఊళ్ళో పాతతరం వారికి బాగా తెలుసు. నా ఓడ సంగతి విని ఆయన చట్టం పుస్తకం తెరవలేదు, ఆ ఫొటో చూపించి మొదలుపెట్టారు. రజూలా, రోహ్నా అనే రెండు నౌకలను బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ 1926లో కట్టించింది. రెండూ మదరాసు, సింగపూరు దారిలోనే తిరిగేవి, యుద్ధం రాగానే రెండింటినీ సైనికుల రవాణాకు తీసుకున్నారు. రజూలా యుద్ధం దాటి తిరిగొచ్చి మళ్ళీ ప్రయాణికులను ఎక్కించుకుంది. రోహ్నాను 1943 నవంబరు 26న అల్జీరియా తీరానికి దగ్గరలో, మధ్యధరా సముద్రంలో, జర్మను విమానం వదిలిన రేడియో చోదిత బాంబు ముంచేసింది. అందులో పోయినవారు 1,138 మంది, వారిలో అత్యధికులు అమెరికా సైనికులు. "చూడండమ్మా, ఒకే యజమాని, ఒకే ఏడు కట్టిన జంట, ఒకే రకం స్వాధీనం. తిరిగొచ్చిన దానికి అడగవలసింది బాడుగ, మరమ్మతు. రానిదానికి అడగవలసింది, పోయిన రోజుదాకా బాడుగ, ఆ పైన ఓడ విలువ. మీ ఇంట్లో ఈ రెంటినీ కలిపేసి ఒకే మొత్తంగా మాట్లాడుకుంటున్నారు" అన్నారాయన. ఎనభై ఏళ్ళుగా మా ఇంట్లో నడిచిన చర్చలో ఎవరికీ తట్టని తేడా పది నిమిషాల్లో తేలింది. ఈ సేవకు నేను ఇచ్చే మార్కుల్లో సగం ఆ పది నిమిషాలకే.

ఆయన రాసిచ్చిన అభిప్రాయంలో చట్టం భాగం నిండుగా, చదవగానే అర్థమయ్యేలా ఉంది. యుద్ధం ప్రకటించడానికి రెండు రోజుల ముందు, 1939 సెప్టెంబరు 1న, బ్రిటను రక్షణ పరిహారాల చట్టం చేసింది. ఓడలకు అందులో విడిగా ఒక సెక్షను ఉంది. దాని ప్రకారం యజమానికి ముట్టవలసినవి: అలాంటి ఓడను కిరాయికి తీసుకునే మనిషి మామూలుగా ఇవ్వదగిన బాడుగ, సర్కారు చేతిలో ఉన్నంతకాలం జరిగిన దెబ్బలను బాగుచేసే ఖర్చు, ఓడ పూర్తిగా పోతే పోవడానికి సరిగ్గా ముందు దానికున్న విలువ, ఉత్తరువును పాటించడంలో యజమాని సహేతుకంగా పెట్టుకున్న ఖర్చులు. మామూలు వాడకంలో వచ్చే అరుగుదల మరమ్మతు కింద రాదు. తగాదా వస్తే ఓడలకోసం ప్రత్యేకంగా నౌకా క్లెయిముల ట్రిబ్యునల్ ఉండేది. ఆ చట్టం ఆ యుద్ధంతో అటకెక్కలేదు. 1982లో అర్జెంటీనాతో జరిగిన ఫాక్లండు దీవుల యుద్ధానికి వ్యాపార నౌకలను స్వాధీనం చేసుకున్నప్పుడు కూడా పరిహారానికి ఆధారం అదే. క్వీన్ ఎలిజబెత్ 2, కాన్‌బెర్రా వంటి విలాస నౌకలు ఆ దండయాత్రకు వెళ్ళి తిరిగొచ్చాయి, అట్లాంటిక్ కన్వేయర్ మే 25న క్షిపణి దెబ్బ తిని పోయింది. వెనుదిరిగిన నౌకా, వెనుదిరగని నౌకా అన్న తేడా అక్కడా తప్పలేదు.

మన దేశపు చట్టం దగ్గరకు వచ్చేసరికి అభిప్రాయం క్లుప్తంగా ఉంది. 1939 భారత రక్షణ చట్టం 19వ సెక్షను కింద, భూమి, వ్యాపార సంస్థల వంటి ఆస్తులు తీసుకున్నప్పుడు పరిహారం ముందు పరస్పర అంగీకారంతో, అది కుదరకపోతే హైకోర్టు న్యాయమూర్తి కాదగిన అర్హత గల మధ్యవర్తి చేత నిర్ణయం కావాలి. ఇదంతా నాకు పాతకాలపు కథలా అనిపిస్తోందన్నప్పుడు, వకీలుగారు మా మరిది టెంపో ట్రావెలరును ఎన్నికల డ్యూటీకి ఎప్పుడైనా తీసుకున్నారా అని అడిగారు. తీసుకున్నారు, డబ్బు ఆలస్యంగా వచ్చింది. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 160వ సెక్షను బ్యాలెట్ పెట్టెల రవాణాకు బండినే కాక ఓడనూ, జంతువునూ కూడా స్వాధీనం చేసుకోనిస్తుందనీ, 161వ సెక్షను ఆ చుట్టుపక్కల నడుస్తున్న కిరాయి రేటును బట్టి పరిహారం కట్టమంటుందనీ, యజమానికి ఆ మొత్తం నచ్చకపోతే విషయం మధ్యవర్తి దగ్గరకు వెళుతుందనీ ఆయన చెప్పారు. యుద్ధంలో ఓడకైనా, ఎన్నికల్లో వ్యానుకైనా సూత్రం ఒకటే: వస్తువు తీసుకున్నవాడు బజారు బాడుగ కట్టాలి. ఇంత దగ్గరి ఉదాహరణ దొరికాక మా మరిది కూడా ఓడ విషయంలో ఆసక్తి చూపడం మొదలుపెట్టాడు.

ఇక చెడ్డ సంగతి. ఇంగ్లీషు కాగితాలను పెద్దాయన స్వయంగా చూశారు గాని, తెలుగు చిట్టాను ముందు గదిలోని గుమాస్తాకు అప్పగించారు. అది గొలుసుకట్టు రాత, అక్షరాలన్నీ ఒకదాని తోక ఒకటి పట్టుకుని పోతుంటాయి, ఆ పైన లెక్కల గుమాస్తాల పొట్టి రాతలు. నెలనెలా పదకొండు చోట్ల "స॥ బా॥ 275" అని ఉంది. దానిని గుమాస్తాగారు "సర్కారు బాకీ 275 రూపాయలు" అని చదివి, పదకొండు నెలలకు 3,025 రూపాయల బాడుగ సర్కారు ఎగవేసిందని నివేదిక తయారుచేశారు. పెద్దాయన దాని మీద సంతకం పెట్టారు, నేను దానికి 4,000 రూపాయలు కట్టాను, మా చిన్నాన్న కొడుకు వడ్డీని మళ్ళీ లెక్క కట్టాడు. అదృష్టవశాత్తూ ఆ ఆదివారం తండయార్‌పేటలో ఉన్న మా మేనత్తను చూడబోయాను. ఆవిడకు 87 ఏళ్ళు, చిన్నప్పుడు తాతగారి గుమాస్తా పక్కన కూర్చుని కూడికలు నేర్చుకున్న మనిషి. ఫోనులో ఉన్న ఆ పేజీ ఫొటోను పెద్దది చేసి చూపిస్తే, అక్షరాల జోలికి పోకుండా గీత ఎక్కడుందో చూసింది. "ఇది ఏ వైపు రాశారే? ఎడమ వైపు కదా, అది జమ. చేతికొచ్చిన డబ్బే జమ వైపు రాస్తారు. రాని డబ్బును జమ కట్టే గుమాస్తాను మా తాతయ్య ఒక్కరోజు ఉంచుకునేవాడా? అది బాకీ కాదు, బాడుగ. సర్కారు బాడుగ ముట్టింది అని రాశారు" అంది. 3,025 రూపాయలు ఎగవేత నుంచి వసూలుకు మారడానికి కాఫీ చల్లారేంత సేపు కూడా పట్టలేదు.

మరుసటి వారం ఇదే మాట చెబితే పెద్దాయన ముందు మౌనంగా చిట్టా తెరిచి చూశారు, తరవాత గుమాస్తాను లోపలికి పిలిచి, నా ఎదుట కోప్పడకుండా, జమ వైపు చూపించి ఊరుకున్నారు. కొత్త నివేదికకు డబ్బు అడగలేదు. మొదటి నివేదికకు తీసుకున్న 4,000 మాత్రం తిరిగి ఇవ్వలేదు, నేనూ మొహమాటపడి అడగలేదు. అయితే తప్పు దిద్దడంతో ఆయన ఆగలేదన్నది చెప్పాలి. "జమ చూశాం, ఖర్చు వైపు చూద్దామా?" అని కుడి పేజీలు తిరగేస్తే, అవే పదకొండు నెలలకు ఓడ నడిపే తండేలు జీతం, ఎనిమిదిమంది కళాసుల జీతాలు, వారి బియ్యం ఖర్చు కలిపి నెలకు 190 రూపాయల చొప్పున ముత్తాత కట్టినట్టు తేలింది. అంటే సర్కారు ఓడను మాత్రమే కాక మనుషులతో సహా కిరాయికి తీసుకుంది, 275లో యజమానులకు మిగిలింది 85, అందులో ముత్తాత వాటా సగం. ఓడను మనుషులు లేకుండా ఒట్టిదిగా తీసుకుని సర్కారే మనుషులను పెట్టుకునే పద్ధతి వేరు, యజమాని మనుషులతో నడిపించుకునే పద్ధతి వేరు, ఏ పద్ధతో తెలియకుండా బాడుగ ఎక్కువా తక్కువా అని తేల్చలేమని ఆయన వివరించారు. ఇంట్లో 275 అన్న అంకె చూసి మురిసిపోయిన మాకు ఇది కొంచెం చేదుగానే తగిలింది.

బాడుగ సంగతి తేలాక మిగిలింది విలువ. ఓడ బాంబు తగిలి పోలేదు, ఇసుక మేట మీదికెక్కి పోయింది. సముద్రంలో మామూలుగా జరిగే ప్రమాదానికి యజమాని, యుద్ధం వల్ల కలిగిన నష్టానికి సర్కారు బాధ్యులన్న విభజన అప్పటి ఒప్పందాల్లో ఉండేది కాబట్టి, మా ఓడ ఏ కోవలోకి వస్తుందన్నది అసలు చిక్కు. ఇక్కడ వకీలుగారు చెప్పిన కాక్స్‌వోల్డ్ నౌక కేసు నాకు అన్నిటికన్నా నచ్చింది. బ్రిటిషు సర్కారు టి.99ఎ అనే కిరాయి ఒప్పంద పత్రం కింద తీసుకున్న ఆ నౌక 1940లో నార్వేలోని నార్విక్ పోరాటానికి పెట్రోలు మోసుకెళుతూ, స్కాట్లాండు పడమటి తీరంలో స్కై ద్వీపం దగ్గర ఊహించని ప్రవాహం పక్కకు లాగడంతో రాళ్ళ మీదికెక్కింది. శత్రువు కనుచూపు మేరలో లేడు. ప్రవాహం సముద్రానిది, రాళ్ళు సముద్రానివి, అయినా నౌక ఆ రాత్రి ఆ దారిలో ఉండడానికి కారణం యుద్ధపు పని కాబట్టి అది యుద్ధ నష్టమేనని 1942లో అప్పటి బ్రిటిషు అత్యున్నత న్యాయస్థానం హౌస్ ఆఫ్ లార్డ్స్ తీర్పు చెప్పింది. సైన్యానికి పెట్రోలు మోసిన నౌకకు వర్తించిన వాదన సైన్యానికి సామాను మోసిన మా ఓడకు వర్తించకుండా ఎలా పోతుంది అన్నది వకీలుగారి తర్కం. 1944 ఉత్తరం చూస్తే అప్పటి అధికారులు ఆ వాదన దాకా రానీయకుండానే ఓడ విలువ కట్టడానికి ఒప్పుకున్నారు. తగాదా అంతా ఎంత అన్న దగ్గరే.

సర్కారు కట్టిన విలువ మొత్తం ఓడకు 6,800 రూపాయలు. అది "యుద్ధానికి ముందు నడిచిన ధర" అని ఉత్తరంలో స్పష్టంగా ఉంది. అదే చిట్టా చివర ముత్తాత గుమాస్తా రాసుకున్న ఒక వరుసలో, అటువంటి ఓడే 1943లో కాకినాడలో 18,000కు చేతులు మారిందని ఉంది. మా ఇంటి ఫిర్యాదుకు అసలు వేరు ఇక్కడుంది, అది గాలిమాట కాదు. ఓడలు తీసుకున్నకొద్దీ మిగిలిన ఓడల ధర పెరుగుతుంది, ఆ పెరిగిన ధరను తీసుకున్నవాడే ఇవ్వనంటాడు. పరిహారం చేతికొచ్చాక దానితో అలాంటి ఓడ కొనబోతే సగం కూడా రాదు. ఇదే వాదనను అమెరికాలో ఒక చిన్న టగ్గుబోటు యజమాని సుప్రీంకోర్టు దాకా తీసుకెళ్ళాడు. 1942లో తీసుకున్న ఆ టగ్గుకు అక్కడి యుద్ధకాల నౌకా రవాణా శాఖ 9,000 డాలర్లు కట్టింది, ఆయన చట్టం ఇచ్చిన వెసులుబాటుతో అందులో 75 శాతం పుచ్చుకుని మిగతాదానికి దావా వేశాడు. కింది కోర్టు 15,500 డాలర్లు ఇవ్వమంది. అయితే ఏ అవసరం కోసం ఆస్తిని తీసుకున్నారో ఆ అవసరం వల్లనే పెరిగిన విలువను పరిహారంలో కలపరాదని 1936 నాటి అమెరికా వ్యాపార నౌకల చట్టంలో ఉంది. దాని ఆధారంగా 1949లో సుప్రీంకోర్టు సర్కారు వైపు మొగ్గింది, అదీ చీలిన తీర్పుతోనే. ఎంతటి న్యాయమూర్తులైనా ఈ ప్రశ్న దగ్గర ఒక్కమాట మీదికి రాలేకపోయారంటే, మా ముత్తాత గొణుక్కోవడంలో అన్యాయమేమీ లేదనిపించింది. పక్కవాడు 18,000కు అమ్ముకున్నప్పుడు తన ఓడకు 6,800 అంటే ఎవరికి మాత్రం కడుపు మండదు?

కాని ఆయన సంతకం పెట్టారు. 1944 ఉత్తరం అడుగున, ఇరవై ఏళ్ళుగా మేము చదవకుండా మడతపెట్టి ఉంచిన చివరి పేరాలో, తన వాటా 3,400 రూపాయలు పూర్తి పరిష్కారంగా పుచ్చుకున్నట్టు, ఇక ఏ హక్కూ లేనట్టు ఉంది. దాని కింద ముత్తాత తెలుగు సంతకం, ఆ పక్కన సాక్షిగా అదే గుమాస్తా సంతకం. ఒకవేళ సంతకం లేకపోయినా, 1908 కాలపరిమితి చట్టం ప్రకారం విడిగా గడువు చెప్పని దావాలకు ఆరేళ్ళు, ఇప్పటి 1963 చట్టం ప్రకారం మూడేళ్ళు, పైగా సర్కారు మీద దావాకు సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షను కింద రెండు నెలల ముందు నోటీసు అని వకీలుగారు చెప్పారు. 1947 ఆగస్టులో అప్పులూ బాధ్యతలూ రెండు దేశాల మధ్య పంచిన ఉత్తరువు ప్రస్తావన కూడా వచ్చింది గాని, సంతకం కనిపించాక దానిని ఎవరూ లాగలేదు. "దావాకు దారి లేదు" అని ఆయన ఒక్క వాక్యంలో రాసిచ్చారు. ఎగ్మూరులో స్టేషను ఎదుట ఉన్న తమిళనాడు పురాలేఖ భవనంలో ఇంకా వెతికిద్దామా అని నేనే అడిగితే, చరిత్ర కోసమైతే వెతకండి, డబ్బు కోసమైతే నా చేత మీ డబ్బు ఖర్చు పెట్టించకండి అన్నారు. ఇలాంటి వ్యవహారాల్లో ఆశ చూపించి ఏళ్ళ తరబడి తిప్పేవారిని ఎరిగినదాన్ని కాబట్టి ఆ మాటకు నమస్కారం పెట్టాను.

అంత నిక్కచ్చి మనిషి నివేదికలో ఆరు పేజీల నార్వే ఎందుకొచ్చిందో మాత్రం నాకు అంతుబట్టలేదు. మొదటి యుద్ధంలో, 1917 ఆగస్టు 3న, అమెరికా తన యార్డుల్లో తయారవుతున్న ఓడలను స్వాధీనం చేసుకుంది. వాటిలో నార్వే షావుకార్లు డబ్బు కట్టి కట్టించుకుంటున్నవీ ఉన్నాయి. వారి పదిహేను క్లెయిముల మీద 1922 అక్టోబరులో హేగ్ మధ్యవర్తిత్వం దాదాపు కోటీ ఇరవై లక్షల డాలర్లు ఇవ్వమంది. అమెరికా నిరసన తెలిపి మరీ చెల్లించింది. కథ రసవత్తరంగానే ఉంది, ఇంకా పూర్తికాని ఓడకు కూడా యజమాని ఉంటాడన్న సంగతి ఆలోచింపజేసేదే. కాని మా ఓడ పదిహేనేళ్ళు నీళ్ళలో తిరిగినది, అటువైపు ఉన్నది మరో దేశమూ కాదు. పేజీకి 350 రూపాయల చొప్పున తీసుకునే చోట మనకు పనికిరాని ఆరు పేజీలంటే 2,100 రూపాయలు. ఆ సంగతి అంటే ఆయన నవ్వి, మీరు చదువుకున్నవారు కదా ఇష్టపడతారనుకున్నాను అన్నారు. ఇష్టపడ్డాను, అయినా బిల్లులో తగ్గించమని అడిగాను, సగం తగ్గించారు.

మొత్తం ఖర్చు జి.ఎస్.టి.తో కలిపి 17,640 రూపాయలయింది. మొదటి రోజు చెప్పిన అంచనా 12,000. స్కానింగుకు విడిగా వేస్తారని ముందు చెప్పలేదు. ఫోను చేస్తే ముందు గదిలో ఎత్తరు, వాట్సాప్‌లో సందేశం పెడితే సాయంత్రానికి జవాబు వస్తుంది. రెండు వారాలన్న పని ఏడు వారాలు పట్టింది. కాగితాలు మాత్రం ఏ మూలా నలగకుండా, ఆమ్లం లేని తెల్ల కవర్లలో పెట్టి తిరిగి ఇచ్చారు. ఉత్తరువు మడతల దగ్గర చిరిగిన చోట జపాను కాగితం అతికించి ఇచ్చినదానికి పైసా వేయలేదు.

ఇంగ్లీషు దస్తావేజు మీద న్యాయాభిప్రాయం కావలసినవారికి ఈ కార్యాలయాన్ని సంకోచం లేకుండా సూచిస్తాను. వ్రాతపూర్వక అంచనా తీసుకోకుండా మాత్రం పని అప్పగించకండి. తెలుగు చిట్టాలు, ఆవర్జాలు ఉన్నవారు గొలుసుకట్టు చదవగల పెద్దవారిని ఎవరినైనా వెంటబెట్టుకుని వెళ్ళడం మంచిది. మెట్లు నిటారుగా ఉన్నాయి, మధ్యలో పట్టుకోవడానికి కొయ్య కూడా లేదు. మా మేనత్తను పైకి ఎక్కించలేక చివరిసారి గుమాస్తానే కిందికి పిలిచాం. సందులో ఆపిన ఆటోలో కూర్చుని, ఒడిలో చిట్టా పెట్టుకుని, బాకీని ఎలా రాస్తారో, బాడుగను ఎలా రాస్తారో ఆవిడ అతనికి అరగంట సేపు చూపించింది. ఆటోవాడు వెయిటింగుకు 80 రూపాయలు తీసుకున్నాడు. కార్యాలయం శనివారం ఒంటిగంట దాకా తెరిచి ఉంటుంది, పొద్దున పదికే వెళితే రద్దీ ఉండదు.